నాయనకు ఒక శత్రువు కావాలి

"ఆయుధం ఎందుకు అవసరమో తెలపండి" అని ఉన్న గడి దగ్గర నాయన ఆగిపోయాడు.

అంతవరకూ అన్నీ గబగబా చెప్పాడు. పేరు శివశంకర్ రెడ్డి, వయసు అరవై ఏడు, ఊరు, ఆధార్ నంబరు, తొమ్మిది ఎకరాల బేనిషా మామిడి తోట. బనగానపల్లె ఇంటర్నెట్ సెంటరులో ఏప్రిల్ ఉక్క. ఫ్యాను గాలి కాగితాలకు తగులుతోంది గాని మనుషులకు తగలడం లేదు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. కర్నూలు కాలేజీలో నాకు సెలవులు మొదలై వారం కూడా కాలేదు.

"పందులని రాయమ్మా శిల్పా," అన్నాడు కాసేపటికి.

"మామిడి తోటకు పందులేంది నాయనా?"

"రాలిన కాయ తింటాయిలే." ఇంకొంచెంసేపు ఆలోచించాడు. "ప్రాణభయమని గూడా రాయి."

ఆ రెండో మాట పక్క కంప్యూటరు ముందున్న మనిషికి వినపడకుండా అన్నాడు.

ప్రాణభయం ఎవరి నుంచి అని నేను అడగలేదు. కిందటేడు కాయ దింపే రోజుల్లో, పట్టపగలు, నలుగురు మనుషులు ట్రాలీ ఆటో వేసుకొచ్చి తోటలో నుంచి గంపలకు గంపలు ఎత్తుకుపోయారు. అడ్డం పోయిన నాయనను వాళ్లలో ఒకడు ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టాడు. గట్టిగా కూడా కాదట. తలుపు తోసినట్టు తోశాడట. "పక్కకు కూచో తాతా" అన్నాడట. దెబ్బ తగల్లేదు. నాయన లేచి, పంచె దులుపుకుని, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఆ రోజు వెంట ఉన్న కూలి మనిషి అమ్మకు చెబితే, అమ్మ నాకు చెప్పింది. నాయన మాత్రం ఎవరికీ చెప్పలేదు. స్టేషనులో కేసు కూడా పెట్టలేదు. పెడితే నెట్టిన సంగతి రాయాలి కదా.

అప్పటి నుంచి ఆయన తోటలోకి పోవడం మానేశాడు. పోయినా గేటు దగ్గర నిలబడి చూసి వచ్చేసేవాడు. ఇంట్లో వసారాలో కుర్చీ వేసుకుని, వీధి వైపు కాకుండా గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. గట్టిగా నెట్టి ఉంటే ఆయన ఇంతగా కుంగేవాడు కాదేమోనని నాకు అనిపించేది. తనను పక్కకు జరపడానికి అంత తక్కువ బలం చాలునని ఆయనకు తెలిసిపోయింది.

ఈ ఏడు ఉగాది పోయాక తేల్చి చెప్పాడు. తుపాకి లైసెన్సు వస్తే తోటను తనే కాపలా కాసుకుంటాడు. రాకపోతే ఈ కాపుతో సరి, అమ్మేస్తాడు. ప్లాట్లు వేసే మనిషి ఒకడు రెండుసార్లు వచ్చి వెళ్లాడు కూడా. "కాసుకోలేని ఆస్తి నాదెట్లయితాది?" అన్నాడు. ఆ పూట అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "తోట గూడా పోతే ఈ మనిషి ఇంగ ఆ గోడను తప్ప యాడా సూడడు," అంది.

అందుకే నేను "ప్రాణభయం" అని టైపు చేశాను.

దరఖాస్తు నంద్యాల కలెక్టరాఫీసుకు పోతుంది. అక్కడి నుంచి కాగితం మళ్లీ మా స్టేషనుకే దిగి వస్తుంది. డాక్టరు సర్టిఫికెట్టు, తుపాకి పట్టడం నేర్చుకున్న సర్టిఫికెట్టు, పన్ను రసీదులు ఎన్ని జతచేసినా చివరికి తేల్చేది స్టేషను ఎస్సై రాసే రెండు వాక్యాలేనని అందరూ చెప్పారు. ఇవ్వొచ్చు అని రాస్తే పని అవుతుంది. అక్కర్లేదు అని రాస్తే కాదు. అక్కర్లేదని ఎందుకు రాశావని ఎస్సైని పట్టి అడిగేవాళ్లు ఉండరు.

మే మొదటి వారంలో హెడ్ కానిస్టేబుల్ దావీదురాజు విచారణకు వచ్చాడు. వస్తూనే మా అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఇరుగుపొరుగును పిలిపించాడు. నాయన తెల్ల చొక్కా వేసుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వీధి వైపు తిరిగే కూర్చున్నాడు.

"శివశంకర్ రెడ్డికి పగోళ్లు ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు దావీదురాజు.

"ఆయప్పకా?" మా ఎదురింటి బొజ్జన్న చేతిలోని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "చీమ అడ్డం వస్తే నిలబడి దోవిచ్చే మనిషి సార్. ఆయప్పకు పగేంది?"

అంగన్‌వాడీ నాగజ్యోతి వెనకబడదలుచుకోలేదు. "మా సెంటరు పిల్లోళ్లకు యాటా రెండు గంపల కాయ పంపిస్తాడు సార్. ఆ మనిషిని ఒక మాటన్న వాళ్లను నేను సూడల్యా."

ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకరిని మించి ఒకరు చెప్పారు. పోలీసులు అడిగితే మంచి చెప్పాలి, ఎంత మంచి చెబితే అంత తొందరగా పని అవుతుంది అని వాళ్ల నమ్మకం. నాయన వింటూ వింటూ కుర్చీలో నిటారుగా అయ్యాడు. ఏడాదిలో ఆయన ముఖం అట్లా ఉండడం నేను చూడలేదు.

దావీదురాజు అంతా రాసుకుని పుస్తకం మూశాడు.

"పెద్దాయనా, ఊరంతా కలిసి నిన్ను ముంచేసినారు."

"మంచిగానే చెప్పినారు గదప్పా?"

"అదే గదా కత. పగోడే ల్యానోనికి తుపాకి దేనికి అని మా ఎస్సై మేడం అడుగుతాది. ఏం జెప్పాల నేను?"

నాయన ముఖంలో వెలుగు పోయింది. కాసేపు నేల చూశాడు. తరవాత తల ఎత్తి, ఎవరో తనను అవమానించినట్టు అన్నాడు: "నాకు పగోడు ల్యాకేం? ఉండాడు."

"ఎవురు?"

"జ్ఞానేశ్వర్."

బొజ్జన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

జ్ఞానేశ్వర్ రెడ్డి నాయనకు పెదనాన్న కొడుకు. నాయన కంటే నాలుగేళ్లు చిన్న. నాకు చిన్నాయన. ఇద్దరి తోటలకూ నడుమ కంచె ఒక్కటే. పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. మా వైపు మాటలు పోయినవాళ్లు ఒకచోట తటస్థపడితే మూడో మనిషికి చెప్పుకుంటారు. "రేపు కరెంటు ఉండదని చెప్పమ్మా ఆయప్పకు" అంటారు, ఆయప్ప రెండడుగుల దూరంలో నిలబడి వింటుండగానే. మూడో మనిషి ఆ మాట తిరిగి చెప్పనక్కర్లేదు. ఊరికే అక్కడ ఉంటే చాలు. ఆ మనిషి లేకపోతే మాత్రం ఒక్క మాట కూడా అటు నుంచి ఇటు రాదు. పెళ్లిళ్లలో, చావుల్లో, కరెంటాఫీసు వరండాలో వీళ్లిద్దరికీ ఆ మూడో మనిషిని చాలాసార్లు నేనే.

"ఆయప్ప వచ్చి, అవు మాకు పగ ఉండాదని స్టేట్‌మెంటు ఇస్తే నేను రాసుకుంటా," అన్నాడు దావీదురాజు. "ఇస్తాడా?"

"ఇస్తాడు," అన్నాడు నాయన, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. నా వైపు తిరిగాడు. "పోయి చెప్పిరామ్మా."

నేను పోయేసరికి చిన్నాయన పెరట్లో కాయ కోసే గడకర్ర కొనకు చిక్కెపు వల కడుతున్నాడు. పిన్ని సుందరలక్ష్మి పక్కనే కూర్చుని దారం పురి పెడుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన చేతులు ఆపలేదు.

"తుపాకి నా మీదికేనా?"

"రాతకేలే చిన్నాయనా."

"రాతకైనా నా మీదికే గదా." కోపంగా లేదు ఆ గొంతు. "ఊర్లో ఇంగెవురూ దొరకల్యాదంటనా?"

"ల్యారంట."

"అట్లనా!" అన్నాడు. చిక్కెం ముడి బిగించి, ఎడమ చేత్తో మీసం సవరించుకున్నాడు.

"దీనికి మళ్లా మీసమొకటి!" అంది పిన్ని. "నిన్ను పగోడని పోలీసు పుస్తకంలో రాపిస్తామంటాండారు సామీ."

"నీకేం తెలుస్సు లేవే. ఒక్కని పేరు చెప్పమంటే ఆయప్ప నోట్లో నా పేరే వచ్చిండాది." నన్ను చూశాడు. "ఇంతకీ ఈ వయసులో ఆయప్పకు తుపాకి ఎందుకంట?"

చెప్పకూడదనే అనుకుని పోయాను. కానీ చెప్పాను. ఆటో, గంపలు, ఛాతీ మీద చెయ్యి. నాయన తన సొంత భార్యకే చెప్పని మాటను నేను ఆయన శత్రువుకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఈ మాట వినవలసిన మనిషి ఈయనేనని ఎందుకో అనిపిస్తూనే ఉంది.

చిన్నాయన చేతులు ఆగిపోయాయి.

"తలుపు దోసినట్టా?"

"ఊ."

"ఏమన్నాడంటివి?"

"పక్కకు కూచో తాతా అన్నాడంట."

గడకర్రను గోడకు ఆనించాడు. "కంచె అవతలే ఉంటి," అన్నాడు. "నాకెవురూ చెప్పల్యా."

నేను లేచి గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. "మంగళవారం వస్తానని చెప్పు. మళ్లా, పగోళ్ల మాదిరి రావాలంటే ఎట్ల రావాలో గూడా కనుక్కో. నేనెప్పుడూ పోల్యా."

మంగళవారం స్టేషనుకు పోవడానికి ఆటో ఒక్కటే దొరికింది. చిన్నాయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నాయనా నేనూ వెనక. దారి పొడుగునా ఎండ కుడివైపు నుంచి కొట్టింది.

"శిల్పా, ఎండ మొగాన కొడ్తాంది, పరదా దించుకోమని చెప్పు ఆయప్పకు," అన్నాడు చిన్నాయన ముందుకే చూస్తూ.

"దించితే గాలి రాదని చెప్పమ్మా," అన్నాడు నాయన.

డ్రైవరు అద్దంలో నన్ను చూసి జాలిగా నవ్వాడు.

ఎస్సై శివకుమారికి ముప్పై ఐదేళ్లుంటాయి. పుట్టిల్లు మైదుకూరు పక్కన పల్లె అని దావీదురాజు చెప్పాడు. ఫైలు తీసి నాయన ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"పగోళ్లు మీరిద్దరేనా?"

"అవు మేడం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"కలిసొచ్చినారా?"

"ఆటో ఒకటే దొరికింది మేడం," అన్నాడు చిన్నాయన.

ఆమె నవ్వలేదు. "సరే. కారణం చెప్పండి. కారణం ల్యాకుండా పగ అని రాస్తే పైన మమ్మల్ని అడుగుతారు."

దావీదురాజు కలం తీశాడు. నాయన గొంతు సవరించుకున్నాడు. నాకు తెలిసి ఆ కారణం ఆయన నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. పన్నెండేళ్లుగా అది అందరికీ తెలిసిన సంగతే, కానీ ఎవరూ ఎవరినీ అడగలేదు.

"మా పెదనాయన చచ్చిపోయినపుడు నేను హైదరాబాదులో ఉంటి మేడం. సాయంత్రానికి వచ్చేస్తానని ఫోన్ చేస్తి. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. నన్ను భుజాన ఎత్తుకుని తిప్పిన మనిషి. కడసారి మొగం చూపియ్యల్యా ఈయప్ప." 'ఈయప్ప' అన్నప్పుడు కూడా ఆయన చూపు ఎస్సై బల్ల మీదే ఉంది.

"మొగం... చూపించ... లేదు," అంటూ దావీదురాజు రాసుకున్నాడు.

"మీరేమంటారు?" అంది ఎస్సై చిన్నాయనతో.

"మేడంకు చెప్తాండా," అన్నాడు చిన్నాయన. "మే నెల. ముందు దినం నుంచీ కరెంటు ల్యా. ఐసు పెట్టె వస్తాది వస్తాది అని రాల్యా. మధ్యాన్నానికే మా నాయన మొగం..." ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "మొగం మారిపోయింది మేడం. కొడుకును, నేనే సూడల్యాకపోతి. ఆ మొగం అన్న సూడగూడదని తొందరపడి ఎత్తేస్తిమి. అన్నకు తెలిసిన మొగమే అన్నకు ఉండనీ అని."

దావీదురాజు కలం అక్కడ ఆగింది. 'అన్న' అని రాయాలా, 'దరఖాస్తుదారు' అని రాయాలా అన్నట్టు ఎస్సై వైపు చూశాడు.

ఎస్సై బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుంది. అది మోగలేదు. "రాజన్నా, ఒక నిమిషం ఇట్ల రా," అంటూ లేచింది. తలుపు దగ్గర నిలబడి నన్ను చూసింది. "నువ్వు గూడా రామ్మా."

నేను లేచాను. లేస్తున్నప్పుడు నాయన చెయ్యి నన్ను ఆపబోయినట్టు కొంచెం కదిలి, మళ్లీ మోకాలి మీదికి పోయింది. నేను ఆగలేదు. గదిలో వాళ్లిద్దరూ, ఒక ఫ్యానూ మిగిలారు.

వరండాలో పట్టుబడిన మోటారుసైకిళ్ల వరసను చూస్తూ ఎస్సై అడిగింది: "ఎవురూ ల్యానపుడు మీ నాయన ఇంట్లో ఏం జేస్తాడమ్మా?"

పేపరు చదువుతాడని చెప్పొచ్చు. టీవీ చూస్తాడని చెప్పొచ్చు.

"గోడ వైపు తిరిగి కూచుంటాడు మేడం," అన్నాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది."

నా నోటి నుంచి ఆ రెండు మాటలూ వచ్చేదాకా నాకు ఆ భయం ఉందని నాకే తెలియదు. ఏప్రిల్ నుంచి నేను టైపు చేసిన ప్రతి గడీ ఏ మనిషి చేతికి ఏ వస్తువును అందించడానికో అప్పుడు అర్థమైంది. వరండా స్తంభం పట్టుకున్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "ఇంతవరకూ ఇద్దరికి నేను ఇవ్వొచ్చని రాసినా," అంది. "ఒకాయన బాగుండాడు. రెండో ఆయన ఇంటికి శవపంచనామాకు నేనే పోయినా. పగోళ్లెవురూ రాల్యా ఆయన మీదికి."

లోపలి నుంచి చాలాసేపు ఏ శబ్దమూ రాలేదు. తరవాత చిన్నాయన గొంతు వినిపించింది.

"తూరుపు సాళ్లల్లో కాయకు ఈగ తగిలిండాది. చూసినావా?"

నేను తలుపు వైపు తిరిగాను.

"చూసినా," అన్నాడు నాయన. "గేటు కాడ్నుంచి."

"గేటు కాడ్నుంచి ఈగ కనపడతాదా?"

"ల్యా."

"మళ్లా?"

చిన్నాయన రెట్టించలేదు. "తెల్లారి నేనొస్తా. ఇద్దరం పోదాం," అన్నాడు.

"స్టేట్‌మెంటు పూర్తి చేసేదా మేడం?" అన్నాడు దావీదురాజు మెల్లగా.

"ఏముండాది పూర్తి చేసేకి?" అంది ఆమె.

ఆ నెలంతా కాపు దింపారు. పొద్దున్నే చిన్నాయన కంచె దాటి వచ్చేవాడు. మొదటి రోజు నాయన గేటు దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. చిన్నాయన గమనించనట్టు గడకర్ర ఒక కొన ఆయన చేతికిచ్చి రెండో కొన పట్టుకుని ముందు నడిచాడు. కర్ర పట్టుకున్నవాడు నడవక తప్పదు కదా, ఆయనా నడిచాడు. ఆ తరవాత ఇద్దరి కొట్లాటలూ రోడ్డు దాకా వినపడేవి. తొడిమె ఎంత పొడుగు ఉంచి కోయాలి, సొన కారడానికి కాయను ఎట్లా బోర్లించాలి, కూలీలకు టీ ఎన్నిసార్లు. మాటలు వచ్చేసినా పాత అలవాటు పోలేదు. నేను తోటలో ఉన్నానంటే చాలు, "ఆ కొమ్మ ఇరుగుతాదని చెప్పమ్మా ఆయప్పకు" అని నా మీదుగానే అరుచుకునేవాళ్లు. నేను చెప్పేలోపే ఆయప్ప తిట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఎవరిదో ట్రాలీ ఆటో గేటు ముందు నెమ్మదించింది. నాయన లేచి నిలబడ్డాడు. చిన్నాయనా లేచాడు. ఇద్దరూ తువ్వాళ్లు దులుపుకుంటూ అటే చూశారు. అది కిందటేటి వాళ్ల ఆటోనో కాదో నాకు తెలియదు. వెళ్లిపోయింది. ఇద్దరూ కూర్చుని ఆగిన కొట్లాట మళ్లీ మొదలుపెట్టారు.

వసారాలో ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అయిందో నేను చూడలేదు. ఒకరోజు అమ్మ దాని మీద మామిడి తాండ్ర చాప ఆరేసింది.

జూన్‌లో, నా సెలవులు అయిపోతాయనగా, కలెక్టరాఫీసు నుంచి కాగితం వచ్చింది. చిన్నాయన మా ఇంట్లోనే భోంచేస్తున్నాడు. నాయన కళ్లజోడు పెట్టుకుని, దరఖాస్తు తోసిపుచ్చడానికి అందులో ఎత్తిరాసిన ఎస్సై మాటలు పైకి చదివాడు: "దరఖాస్తుదారునికి ఎవరితోనూ శత్రుత్వం ఉన్నట్లు విచారణలో తేలలేదు. ప్రాణభయానికి ఆధారం లేదు. కావున సిఫారసు చేయడం లేదు."

వరండాలో నేను అన్న మాట అందులో ఎక్కడా లేదు. దాన్ని ఎస్సై తనతోనే ఉంచుకుంది. నేనూ ఉంచుకున్నాను.

"ఎవరితోనూ అని రాసిండాదా?" చిన్నాయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అంత ఎండలో పోయి, నా నోటితో నేను చెప్పి వస్తిని గదా! నేనేం లెక్కల్యానా ఆయమ్మకు?"

"అట్లనే రాసిండారు," అన్నాడు నాయన.

"కింద అప్పీలు చేసుకోవచ్చని ఉంది," అన్నాను నేను. అని, ఎందుకన్నానా అనుకున్నాను.

"చేద్దాం పా అన్నా. ఈతూరి నేను గట్టిగా చెప్తా. బతికుండే పగోన్ని ముందర పెట్టుకుని పగోడే ల్యాడని ఎట్ల రాస్తారు?"

నాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఒక్కో మడతనూ గోటితో గీస్తూ, తొందర లేకుండా.

"వద్దులే," అన్నాడు. "నిన్ను పగోన్ని చేసుకునేకి పన్నెండేండ్లు పట్టె. మళ్లా అంత ఓపిక నాకు ల్యా."

చిన్నాయన అన్నం కలుపుకున్నాడు. పెరుగు గిన్నె పట్టుకుని వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మడతపెట్టిన కాగితాన్ని, నాయనను చూసింది. ఉగాది నుంచీ ఆమె లోపల పెట్టుకున్నది ఒక్కటే ప్రశ్న.

"మళ్లా తోట?" అంది.

నాయన కళ్లజోడు తీశాడు. నిజంగానే అర్థం కానట్టు ఆమెను చూశాడు.

"తోటకేమైంది?" అన్నాడు.